హైడ్రోజన్ వెలుతురు వల్లే వచ్చిందని తేల్చుకున్నాం

వెలుతురు పడితే నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రావణం నుంచి హైడ్రోజన్ పుట్టించే పొడి మీద మా ల్యాబ్‌లో పనిచేశాం. ఆ పొడి తయారీలో పెద్ద కష్టం లేదు. టైటానియం డయాక్సైడ్‌ని 10 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి, టెఫ్లాన్ లైనింగ్ ఉన్న ఆటోక్లేవ్‌లో బిగించి, 130 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచితే నానోట్యూబులు తయారవుతాయి. పీహెచ్ 7కి దిగేదాకా కడగడమే విసుగు. ఆ తర్వాత 400 డిగ్రీల దగ్గర కాలిస్తే అనటేజ్ (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటి) వస్తుంది.

చెన్నైలో పీహెచ్‌డీకి చేరాక నాకు అసలు టెన్షన్ మొదలైంది దీని తర్వాతే. ల్యాబ్‌లో సీనియర్, విజయవాడ అక్క, మొదటిరోజే చెప్పింది: "ముందు చీకట్లో పెట్టి చూడరా. చీకట్లో కూడా హైడ్రోజన్ చూపిస్తే ఆ గ్యాస్ కొలిచే మెషీన్ని నమ్మకు."

క్వార్ట్జ్ రియాక్టర్‌లో నీళ్లు, మిథనాల్, పొడి, కాస్త క్లోరోప్లాటినిక్ ఆమ్లం (ప్లాటినం ఉన్న రసాయనం) వేశాం. ఆర్గాన్ పంపి గాలి వెళ్లగొట్టి, గ్జెనాన్ దీపం వేయగానే ప్లాటినం పొడి మీద కూర్చోసాగింది. పాలలా ఉన్న ద్రావణం చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగింది. మిథనాల్ ఎందుకంటే, వెలుతురు పడ్డప్పుడు పుట్టే రంధ్రాలను (ఎలక్ట్రాన్లు లేచిపోగా మిగిలిన ఖాళీలను) అది తీసేసుకుంటుంది, ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ కోసం మిగులుతాయి. అందుకే దీన్ని అచ్చంగా నీటిని విడగొట్టడం అనలేం. ఆ మాట చెప్పకుండా శీర్షికల్లో గొప్పలు పోయే పేపర్లంటే నాకు చిరాకు. వెలుతురుతో నీటిని విడగొట్టి చూపిన జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చేసింది కూడా పొడితో కాదు, ఎలక్ట్రోడ్‌తో.

ఎండాకాలం చెన్నైలో దీపం వేడికి రియాక్టర్ కాగిపోకుండా చుట్టూ చల్లటి నీళ్లు తిప్పాలి. లేకపోతే మిథనాల్ ఆవిరి పెరుగుతుంది. కరెంటు పోతే ఆ రోజు కొలత చెత్తబుట్టకే. శాంపిల్ తీయడానికి సిరంజి గుచ్చీ గుచ్చీ రబ్బరు మూత వదులైపోతే గాలి లోపలికి చేరుతుంది. వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో హైడ్రోజన్ పీక్ (గ్రాఫులో లేచే శిఖరం) ముందొస్తుంది, తర్వాత ఆక్సిజన్, నైట్రోజన్. నైట్రోజన్ పీక్ పెరుగుతోందంటే లీకన్నమాట. మూత మార్చి మళ్లీ మొదటినుంచి.

చీకట్లో పీక్ లేదు. దీపం వేసి కొంతసేపటికి తీసిన గ్యాస్‌లో చిన్నది కనిపించింది, తర్వాతి శాంపిల్‌లో పెద్దదైంది. పొడి లేకుండా చేస్తే ఏమీ రాలేదు. మా గైడ్ సార్ అంతటితో ఒప్పుకోలేదు. "420 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టి చూడు" అన్నారు. అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురును అది ఆపేస్తుంది. అనటేజ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని లేపడానికి కావలసిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 388 నానోమీటర్ల లోపు వెలుతురే, అతినీలలోహితమే, పనికొస్తుంది. ఎండలో అతినీలలోహితం వాటా ఐదు శాతం లోపే మరి.

ఫిల్టర్ పెట్టాం. గీత చదునుగా సాగింది, హైడ్రోజన్ పీక్ లేదు. అక్క ఆ గ్రాఫు కూడా ప్రింట్ తీసి సార్ టేబుల్ మీద పెట్టింది.