గాలికొండ మీద మళ్లీ తోక తిప్పేసింది

నా రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్‌తో అరకు దారిలోని గాలికొండకి ఇది మూడో ట్రిప్పు. మెయిన్ రోటర్ తిప్పుడికి ముక్కు తిరిగిపోకుండా ఆపాల్సిన తోక రోటర్ సంగతి నిన్న కూడా తేలలేదు. హోవర్ (గాల్లో ఒకేచోట నిలవడం) బాగుంది. ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పించిన మెయిన్ షాఫ్ట్‌కి వణుకే లేదు. కానీ పిచ్ (బ్లేడ్ల వాలు) ఒక్కసారిగా పైకి కొడితే చాలు, ముక్కు ఎడమకి 120 డిగ్రీలు గిర్రున తిరిగిపోతోంది.

ఇదే హెలికాప్టర్ (1.9 కిలోలు, 425 మిల్లీమీటర్ల బ్లేడ్లు, 6ఎస్ అంటే ఆరు సెల్స్ బ్యాటరీ, హెడ్ స్పీడ్ అంటే మెయిన్ రోటర్ వేగం నిమిషానికి 2,300 చుట్లు) భీమిలి దాటాక తోటల్లో గీత గీసినట్టు పైకి లేస్తుంది. అక్కడ ప్రెషర్ 1,008 హెక్టాపాస్కల్స్, 31 డిగ్రీలు. గాలికొండ దగ్గర 871, 23 డిగ్రీలు. తేమ కూడా కలిపి లెక్కేస్తే గాలి సాంద్రత ఘనపు మీటరుకి కింద 1.14 కిలోలు, పైన 1.02. పది శాతం పైనే పలచన.

మొదట జైరో గెయిన్ (తోకని సరిదిద్దే సెన్సర్ ఎంత గట్టిగా స్పందించాలనే సెట్టింగు) అనుకున్నా. 45 నుంచి 58 దాకా పెంచితే తోక ఊగడం మొదలైంది తప్ప తిరగడం ఆగలేదు. తర్వాత తోకని తిప్పే బెల్ట్ మీద అనుమానం. పుల్లీకీ బెల్ట్‌కీ కలిపి మార్కర్ గీత పెట్టి ఎగరేశా, పన్ను కూడా జారలేదు. సర్వో (తోక పిచ్ మార్చే చిన్న మోటారు) మార్చా, అదే కథ. (తోక సర్వో దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోకూడదు.) చివరికి టెయిల్ విప్పి చూస్తే, స్లైడర్ (షాఫ్ట్ మీద జరుగుతూ తోక బ్లేడ్ల పిచ్ మార్చే భాగం) గేర్‌బాక్స్‌కి తగిలిన చోట షాఫ్ట్ చుట్టూ వెంట్రుకంత సన్నటి మెరుపు గీత. తోక పిచ్ ఆఖరి దాకా వెళ్లి ఆగిపోతోందన్నమాట.

గాలి పలచబడితే మెయిన్ రోటర్ టార్క్ (బాడీని తిప్పేసే బలం) కూడా తగ్గాలి కదా, మరి తోకకెందుకు కష్టం? రెండు రోజులు ఇదే ఆలోచన. పాత సెట్టింగులు చూసి బావ పట్టుకున్నాడు: "పైకి లేవట్లేదని నువ్వే కలెక్టివ్, అదే మెయిన్ బ్లేడ్ల పిచ్, 11 డిగ్రీల నుంచి 12.5 చేశావు కదరా!" నిజమే. పిచ్ పెంచితే టార్క్ పెరిగింది, తోకకి మాత్రం అదే పలచటి గాలి.

నిన్న పిచ్ మళ్లీ 11కి దించి, హెడ్ స్పీడ్ 2,430 చేశా. లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆరు శాతం సరిపోవాలి. గవర్నర్ (రోటర్ వేగం మారకుండా చూసేది) విషయంలో హాబీవింగ్ స్పీడ్ కంట్రోలర్‌ని మించింది నాకు కనబడలేదు, ఆ వేగాన్ని గట్టిగా పట్టుకుంది. మార్స్ మీద ఎగిరిన నాసా హెలికాప్టర్ ఇంజెన్యూటీ కూడా దాదాపు మన బరువే, 1.8 కిలోలు. భూమ్మీద గాలిలో దాదాపు ఒక్క శాతం సాంద్రతలో అది నిలబడిందంటే, అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కావడంతో పాటు, 1.2 మీటర్ల తేలికపాటి రోటర్లు రెండింటిని నిమిషానికి 2,400 చుట్లకి పైన తిప్పబట్టే.

తిరగడం 30 డిగ్రీలకి తగ్గింది. సున్నా కాలేదు.

80 మిల్లీమీటర్ల పొడవాటి తోక బ్లేడ్లు కొనే ముందు డిసెంబర్‌లో లంబసింగి వెళ్లాలి. తెల్లవారుజామున 900 హెక్టాపాస్కల్స్, 6 డిగ్రీలు దొరికితే సాంద్రత 1.12. అంత ఎత్తులోనూ దాదాపు భీమిలి మధ్యాహ్నపు గాలే! అక్కడ తోక నిలబడితే తప్పు పలచటి గాలిది. అక్కడా తిరిగితే గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ చేస్తా.