మూతి బరువు

బెంగళూరులో తుపాకులు బాగుచేసే షాపులో పని అంటే ఊళ్ళో మావాళ్ళకి ఇప్పటికీ నమ్మకం కుదరదు. "పోలీసులు పట్టుకోరా?" అంటుంది మా పిన్ని. పట్టుకోరు పిన్నీ, వాళ్ళే వచ్చి రిజిస్టరు చూసి పోతుంటారు అంటే ఇంకా భయపడుతుంది. మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇంట్లో అందరూ వడ్రంగులే. ఇక్కడ నేను చేసేదీ వడ్రంగమే. కుందా పని, అంటే తుపాకీలో భుజానికి ఆనే చెక్క భాగం. ఇనుము పని ఉస్తాద్‌ది. ఆయన శివాజీనగర్ మనిషి, దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు. నేను తెలుగు యాసలో కన్నడం మాట్లాడతాను. మధ్యలో ఓనరు ఇంగ్లీషు. పని మాత్రం ఆగదు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పన్నెండు బోర్ తుపాకులు, ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిళ్ళు. సెప్టెంబరులో కైల్‌పోద్ పండగ ముందు కొడగు వాళ్ళు తాతలనాటివి తెస్తారు. ఆ రోజు ఆయుధాలకి పూజ చేస్తారు కాబట్టి చెక్క మెరవాలి, అవిసె నూనె పట్టించి రుద్దడమే నా పని. కొడగు సొంత జనమైన కొడవలకి, అక్కడ జమ్మా అనే వంశపారంపర్య భూములున్నవాళ్ళకి ఆయుధాల చట్టంలో లైసెన్సు మినహాయింపు ఉంది. మిగతా మనందరికీ లైసెన్సు పుస్తకం ఉండాల్సిందే.

పెద్ద బోర్, అంటే గొట్టం రంధ్రం లావుగా ఉండే రైఫిలు రావడం మాత్రం అరుదు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట పోయింది, వేట తుపాకులు వారసత్వంగా మిగిలాయి. .375 హాలండ్ అండ్ హాలండ్ 1912 నాటి తూటా, ఈ అంకెలు సుమారుగా అంగుళాల్లో తూటా లావు. ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఏనుగుకి, అడవిదున్నకి అంతకంటే చిన్నది ఒప్పుకోరు. .470 అయితే పుట్టుకలోనే మన దేశం పేరుంది. 1907లో ఇంగ్లీషువాళ్ళు .450 తూటాలు ఇండియాకి రాకుండా ఆపారు, తిరుగుబాటుదార్లు వాటిని పాత మార్టిని-హెన్రీ తుపాకులకి వాడుకుంటారేమోనని. దాంతో లండన్ కంపెనీలు .465, .470, .475 అంటూ పక్క కొలతలకి మళ్ళాయి. భయపడింది సర్కారు, కొత్త సరుకు అమ్ముకుంది వ్యాపారి.

తూకం అంటే నేననేది బరువు కాదు, తుపాకీ వేలి మీద నిలిచే చోటు. దాని గురించి నాకు నేర్పింది ఎన్నికలు. కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు స్టేషన్లోనో డీలరు దగ్గరో పెట్టాలి కదా, మా ర్యాకులన్నీ నిండిపోతాయి. ఒక్కొక్కటి ట్యాగు కట్టి ఎత్తిపెట్టేది నేనే. కొన్ని నాలుగున్నర కిలోలున్నా చేతిలో తేలిగ్గా లేస్తాయి. కొన్ని నాలుగు కిలోలే అయినా మూతి, అంటే గొట్టం ముందు చివర, కిందికి లాగుతుంది, భుజానికి ఎత్తేసరికి ఎడమ ముంజేయి గుంజుతుంది. మా నాన్న బాడిస కొనేటప్పుడు పిడి మీద రెండు వేళ్ళు పెట్టి ఊపి చూసేవాడు, తక్కెడలో పెట్టి కాదు. రైఫిలుకీ అదే పరీక్ష. వేలి మీద నిలబెడితే తూకం రెండు చేతుల మధ్యన పడాలి. ఎడమ చేయి వైపు జరిగిందంటే ఇక అది కర్ర మోసినట్టే.

ఈ మధ్య ఒక పెద్దాయన .375 పట్టుకొచ్చారు. అనంతపురం వైపు కుటుంబం, టెక్సాస్‌లో చాలాకాలం ఉండి వచ్చి ఇక్కడ జయనగర్‌లో స్థిరపడ్డారు. తండ్రి రైఫిలు, వారసుడిగా లైసెన్సు మార్పించుకున్నారు. తూచితే 4.2 కిలోలు. తూకం రెండు సెంటీమీటర్లు ముందుకి ఉంది.

"ఏమప్పా, అక్కడ నాదొకటి బ్యారెల్ మార్పించినా. సన్నది ఏసినారు, పువ్వు లెక్క అయింది. ఇది కూడా అట్లే చేయండి."

ఆయన చెప్పింది నిజమే. అక్కడ ఆ పనే ఒక వృత్తి. పాత బ్యారెల్, అంటే గొట్టం విప్పేసి, కొత్తదానికి మర తీసి, తూటా కూర్చునే గది కోసి, గేజు పెట్టి సరిచూస్తారు. సన్న బ్యారెల్‌తో మూడు వందల గ్రాములు తగ్గితే ఈ రైఫిలు 3.9 కిలోలకి దిగి తూకం రెండు సెంటీమీటర్లు వెనక్కి వస్తుంది. ఇంకో తమాషా ఆయనే చెప్పారు. ఆయన స్నేహితుడొకరు .375ని .458 విన్‌చెస్టర్ చేయించారట, బయటి లావు ఏమీ మార్చకుండా. రైఫిలు తేలికైంది! నేను కాగితం మీద లెక్కేశాను. లోపలి రంధ్రం తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల నుంచి పదకొండున్నర దాటితే ఇరవైనాలుగు అంగుళాల గొట్టంలో నూట అరవై గ్రాముల ఉక్కు తక్కువ. పెద్ద తూటా, తేలిక తుపాకీ, పేల్చినప్పుడు ఆ తన్ను ఎవరి భుజానికో మరి.

ఉస్తాద్ అంతా విని, "బ్యారెల్ జోలికి నేను పోను సార్" అన్నాడు. పోనీ రెండంగుళాలు కోసెయ్యండి అన్నారాయన. ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ కిందికి వస్తుంది, బ్యారెల్ పొట్టి చేయడానికి వేరే లైసెన్సు కావాలి. మాకున్నది మరమ్మతు వరకే. అయినా కోసినా ఒరిగేదెంత? మూతి దగ్గర రెండంగుళాలంటే అరవై గ్రాములు కూడా ఉండదు, తూకం ముప్పాతిక సెంటీమీటరు జరుగుతుంది.

అందుకని ఇక్కడ మేం ఈ రోగానికి మందు రెండో చివర వేస్తాం. కుందా వెనక చివరన ఉండే బట్ ప్లేటు విప్పి, లోపల రంధ్రం వేసి, నూట డెబ్బై అయిదు గ్రాముల సీసం బిగించాను. ముందువైపు చెక్క కాస్త లావుగా ఉంటే ఉలితో లోపల నుంచి తీశాను, అక్కడ వచ్చేది కొద్దిగానే. ఆయన పొట్టి మనిషి కాబట్టి కుందా కొయ్యాలన్నారు. కోస్తే వెనక బరువు పోయి మళ్ళీ మూతి బరువెక్కుతుంది, ఈ సంగతి చాలామంది ఆలోచించరు. కోసినంత మందం రబ్బరు ప్యాడ్ వేస్తే పొట్టి కాదు. అందుకే ఎక్కువ కోసి పల్చటి ప్యాడ్ వేశాను. రబ్బరు వాల్‌నట్ చెక్క కన్నా బరువే, అదీ కలిసొచ్చింది. పనిలో పనిగా రిసీవరు (బ్యారెల్ బిగించే ఇనుప భాగం) తోక వెనక కాగితం మందం సందు వదిలాను. అక్కడ ఇనుము చెక్కని ఆనుకుని ఉంటే పెద్ద బోర్ నాలుగు తన్నులకే కుందా నిలువునా చీలుతుంది.

చివరికి తూకం సరిగ్గా వచ్చింది, బరువు మాత్రం దాదాపు 4.4 కిలోలు. ఆయన మొహం చిన్నబోయింది. నా మాట నేను చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను: ఆ తూటాకి ఈ బరువే మంచిది. తూటా అదే అయితే తన్ను బరువుకి విలోమంగా ఉంటుంది, 3.9 కిలోల రైఫిలు దీనికన్నా నూటికి పన్నెండు పదమూడు వంతులు ఎక్కువ తంతుంది. కొండలెక్కి మోసేవాడికి తేలిక కావాలి. జయనగర్ నుంచి షూటింగ్ రేంజికి కారులో పోయేవాడికి ఎందుకు?

రెండుసార్లు భుజానికి ఎత్తి చూసుకున్నాక ఆయన ఏమీ అనలేదు. బిల్లు చూశాకే నోరు తెరిచారు. "చెక్కపనికి ఇంతా?" టెక్సాస్‌లో గంటకి ఎంత ఇచ్చారో ఆయనే మొదటిరోజు గొప్పగా చెప్పారు కాబట్టి, ఓనరు ఆ అంకెని రూపాయల్లోకి మార్చి చూపించాడు.