రన్నింగ్ బ్యాక్‌కి ఎంత పెట్టొచ్చు? వీకెండ్ నోట్‌బుక్ ఎంతవరకు వచ్చిందంటే

మేముండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ 'ది స్టార్' మా ఊళ్లోనే ఉంది కాబట్టి, ఆఫీసు లంచ్‌లోనైనా గుడి పార్కింగ్‌లోనైనా ఎవరో ఒకరు వాళ్ల పాత రన్నింగ్ బ్యాక్ ఎజికీల్ ఎలియట్ కాంట్రాక్టు సంగతి ఎత్తుతూనే ఉంటారు. 2019 సెప్టెంబరులో 6 ఏళ్లకు 90 మిలియన్ డాలర్లు రాసిచ్చారు, 2023 మార్చిలో వదిలించుకున్నారు. ఈ వాదనలు విని విని, అసలు లెక్క ఏం చెబుతుందో చూద్దామని ఈ కోడ్ నోట్‌బుక్ మొదలెట్టాను. తేల్చాల్సింది ఒకటే: 53 మందితో జట్టు కట్టేటప్పుడు బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కి ఎంత కేటాయిస్తే సబబు?

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ ఆట లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి జట్టు జీతాల ఖర్చుకూ ఏటా ఒక పరిమితి ఉంటుంది, దాన్ని క్యాప్ అంటారు. ఐపీఎల్ వేలంలో పర్సు లాంటిదే. 2024లో అది 255.4 మిలియన్లు, 2025లో 279.2 మిలియన్లు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్, ముందు నిలబడి దారి తెరిచే లైన్, డిఫెన్స్ అందరినీ అందులోనే సర్దాలి.

ముందు డాలర్లని శాతాల్లోకి మార్చాను

క్యాప్ ఏటేటా పెరుగుతుంది కాబట్టి 2011 నాటి డాలర్లనీ 2025 నాటి డాలర్లనీ పక్కపక్కన పెట్టి ఉపయోగం లేదు. ఏడాదికి సగటు జీతాన్ని సంతకం పెట్టిన ఏటి క్యాప్‌తో భాగిస్తే అసలు బొమ్మ కనిపిస్తుంది.

2011లో మినెసోటా ఏడ్రియన్ పీటర్సన్‌కి ఇచ్చింది క్యాప్‌లో దాదాపు 12 శాతం. 2018లో రామ్స్ టాడ్ గర్లీకి ఇచ్చింది 8.1. 2019లో ఎలియట్‌కి 8.0, 2020లో క్యారొలైనా క్రిస్టియన్ మెకాఫ్రీకి 8.1. ఈ చివరి ముగ్గురిలో ఎవరి కాంట్రాక్టూ సుఖంగా సాగలేదు. గర్లీని 2020 మార్చిలో రామ్స్ వదిలేశారు, మెకాఫ్రీని 2022 అక్టోబరులో క్యారొలైనా శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేసింది, ఎలియట్ కథ చెప్పుకున్నదే.

ఆ దెబ్బలన్నీ 2023లో కనిపించాయి. కాంట్రాక్టు ముగిసిన ఆటగాణ్ణి జట్టు నిర్ణీత ధరకు ఇంకో ఏడాది ఆపుకోవడాన్ని ఫ్రాంచైజ్ ట్యాగ్ అంటారు. ఆ ఏడాది రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ విలువ 10.09 మిలియన్లు, పాస్ అందుకోవడం, అడ్డు నిలవడం రెండూ చేసే టైట్ ఎండ్‌ది 11.35 మిలియన్లు. రన్నింగ్ బ్యాక్ కంటే తక్కువ ట్యాగ్ ఉన్నది బంతి తన్నే కిక్కర్లకీ పంటర్లకీ మాత్రమే. శాక్వాన్ బార్క్‌లీ, జాష్ జేకబ్స్, టోనీ పోలార్డ్ ముగ్గురికీ ట్యాగే గతి అయింది. ఆ జులైలో రన్నింగ్ బ్యాక్‌లు జూమ్ కాల్ పెట్టుకుని మరీ గోడు వెళ్లబోసుకున్నారు.

2024 మార్చిలో మార్కెట్ తెరుచుకుంది. బార్క్‌లీ ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి 3 ఏళ్లకు 37.75 మిలియన్లు, జేకబ్స్ గ్రీన్ బేకి 4 ఏళ్లకు 48, డెరిక్ హెన్రీ బాల్టిమోర్‌కి 2 ఏళ్లకు 16. శాతాల్లో చూస్తే 4.9, 4.7, 3.1. ఆ సీజన్‌లో బార్క్‌లీ 2,005 యార్డులు, హెన్రీ 1,921, జేకబ్స్ 1,329 యార్డులు పరిగెత్తారు. ఆ వెంటనే 'రన్నింగ్ బ్యాక్ ధర మళ్లీ లేచింది' అన్న మాట మొదలైంది. 2025 మార్చిలో బార్క్‌లీకి 2 ఏళ్లకు 41.2 మిలియన్ల పొడిగింపు దొరికింది. ఆ స్థానంలో ఏడాదికి 20 మిలియన్లు దాటిన మొదటివాడు అతనే. కానీ శాతంలో అది 7.4. అంటే రికార్డు కాంట్రాక్టు కూడా గర్లీ, ఎలియట్ల వాటా కంటే తక్కువే. పక్కనే పాస్‌లు అందుకునే రిసీవర్ జమార్ చేజ్‌కి సిన్సినాటి ఇచ్చింది ఏడాదికి 40.25 మిలియన్లు, 14.4 శాతం. మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి 2024లో ఇచ్చింది 60 మిలియన్లు, 23.5 శాతం. ధర లేచిన మాట నిజమే గానీ పీటర్సన్ రోజుల దగ్గరికి కూడా రాలేదు.

డేటా ఎక్కణ్ణుంచి, ఎలా శుభ్రం చేశాను

ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే పైసా ఖర్చు లేదు. బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్‌లో నడుస్తుంది. డేటా ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ వాళ్లది, పైథాన్ లైబ్రరీ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్‌రీడ్‌పై. 1999 నుంచి ప్రతి ప్లే, అంటే ఆటలో ఒక్కో ప్రయత్నం, ఒక వరుసగా దొరుకుతుంది. టేబుల్స్ పోలార్స్ అనే లైబ్రరీ రూపంలో వస్తాయి. నాలాగా పాండాస్ లైబ్రరీ అలవాటున్నవాళ్లు దించుకోగానే మార్చేసుకుంటే సుఖం. కాంట్రాక్టుల టేబుల్ ఓవర్ ద క్యాప్ సైట్ నుంచి వస్తుంది, అందులో క్యాప్ శాతం కాలమ్ ముందే సిద్ధంగా ఉంటుంది.

రెండు టేబుల్స్ కలిపేటప్పుడు పేర్లతో కలపొద్దు, ప్లేయర్ ఐడీతోనే కలపాలి. జాష్ అలెన్ అంటే బఫలో క్వార్టర్‌బ్యాకూ కావచ్చు, జాక్సన్‌విల్ డిఫెండరూ కావచ్చు. ఆ రెండో ఆయన 2024లో హైన్స్-అలెన్ అని పేరు మార్చుకున్నాడు, పాత వరుసల్లో మాత్రం తికమక అలాగే ఉంది.

రన్ ప్లేలు ఏరేటప్పుడు జాగ్రత్త. ప్లే టైప్ 'రన్' అని ఫిల్టర్ వేస్తే, పాస్ వేద్దామని వెనక్కి వెళ్లి దారి లేక పరిగెత్తిన క్వార్టర్‌బ్యాక్ స్క్రాంబుల్స్ కూడా కలిసి వస్తాయి. 'రష్' అనే కాలమ్ వాడితే అవి ఉండవు. గెలుపు అవకాశం 10 శాతానికి లోపు, 90 శాతానికి పైన ఉన్నప్పటి ప్లేలు విడిగా పెట్టాను. ఆట తేలిపోయాక వచ్చే యార్డులకి విలువ కట్టడంలో అర్థం లేదు. సీజన్‌లో 100 క్యారీలు (బంతితో పరిగెత్తిన సార్లు) లేనివాళ్లని లెక్కలోకి తీసుకోలేదు.

కొలమానం యార్డులు కాదు, ఈపీఏ. ఒక ప్లే వల్ల జట్టుకు రాబోయే పాయింట్ల అంచనా ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది. థర్డ్ డౌన్‌లో, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో, 1 యార్డు కావాల్సినప్పుడు 2 యార్డులు తెస్తే బంగారం, 8 కావాల్సినప్పుడు 6 తెస్తే పంట్ కొట్టడమే, అంటే బంతిని తన్ని అవతలి జట్టుకి ఇచ్చేయడమే. యార్డుల పట్టికలో మాత్రం రెండోవాడే గొప్పగా కనిపిస్తాడు. లీగ్ మొత్తం మీద రన్ ప్లే ఈపీఏ సగటు సున్నా కంటే కింద ఉంటుంది. పాస్ దానికంటే మెరుగు. రన్నింగ్ బ్యాక్ ధర మీద మొదటి బరువు ఇదే.

కౌబాయ్స్ ఫైల్

2022 సీజన్ మీదే ఎక్కువ సమయం పెట్టాను, ఎందుకంటే ఒకే లైన్ వెనక ఇద్దరు పరిగెత్తారు. ఎలియట్ 231 క్యారీలు, 876 యార్డులు, సగటు 3.8. పోలార్డ్ 193 క్యారీలు, 1,007 యార్డులు, సగటు 5.2. ఆ ఏడాది ఎలియట్ క్యాప్ ఖర్చు 18 మిలియన్ల పైమాటే. కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో తీసుకున్న పోలార్డ్‌ది ఒక మిలియన్ పైచిలుకు.

గుడి పార్కింగ్ వాదన ఇక్కడితో ఆగిపోతుంది. నేను ఆగలేదు. గోల్ లైన్ దగ్గరా, గజం దూరం మిగిలిన చోటా బంతి ఎలియట్‌కే ఇచ్చేవాళ్లు. 12 టచ్‌డౌన్లూ అందుకే, సగటు తగ్గిందీ అందుకే. పైగా 2023లో ఎలియట్ లేడు, భారం మొత్తం పోలార్డ్ మీద పడింది. 252 క్యారీలు, 1,005 యార్డులు, సగటు 4.0. క్యారీలు పెరిగాయి, మొత్తం యార్డులు మాత్రం అక్కడే ఉన్నాయి. జనవరిలో కాలు విరిగిన సంగతి కూడా మరవకూడదు.

2024లో పోలార్డ్ టెనెసీ వెళ్లిపోయాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని రికో డౌడల్ 1,079 యార్డులు చేశాడు. 2025లో ఒక్క ఏడాదికి 3 మిలియన్లకు తెచ్చిన జవాంటే విలియమ్స్ కూడా వెయ్యి దాటాడు. నలుగురు మారారు, వెయ్యి యార్డుల మనిషి ఏటా ఎవరో ఒకడు దొరికాడు. వెయ్యి యార్డులు అనేది అంత అరుదైన సరుకు కాదని జట్లకి తెలుసు, ధర కట్టేదీ దాన్ని బట్టే.

బార్క్‌లీ ఫైల్: లైన్ ముందా, మనిషి ముందా

2018లో న్యూయార్క్ జెయింట్స్ బార్క్‌లీని డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా తీసుకున్నారు. మొదటి ఏడే 1,307 యార్డులు, రూకీ (కొత్త ఆటగాడు) ఆఫ్ ద ఇయర్ అవార్డు. జట్టు మాత్రం 5 గెలిచి 11 ఓడింది. నాలుగేళ్ల రూకీ కాంట్రాక్టు, ఐదో ఏడు జట్టు చేతిలోని ఆప్షన్, ఆరో ఏడు ట్యాగ్. వేరే జట్టుతో బేరమాడే స్వేచ్ఛ వచ్చేసరికి 27 ఏళ్లు నిండాయి. చివరి సీజన్ 2023లో 247 క్యారీలు, 962 యార్డులు, సగటు 3.9.

మరుసటి ఏడాది ఈగల్స్‌లో 345 క్యారీలు, 2,005 యార్డులు, సగటు 5.8. మనిషి అతనే, మారింది ముందున్న లైన్‌లోని ఐదుగురు. లేన్ జాన్సన్ 2013 నుంచీ అక్కడే ఉన్నాడు. జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుతూ వచ్చినవాడు, 2018లో ఏడో రౌండ్‌లో దొరికాడు. డికర్సన్, జర్గెన్స్ ఇద్దరూ రెండో రౌండ్ పిక్‌లు. బెక్టన్‌ని ఏడాది కాంట్రాక్టు మీద తెచ్చారు. దానికి తోడు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తనే పరిగెత్తగలడు కాబట్టి ఒక డిఫెండర్ అతన్ని కాచుకుని ఉండాల్సిందే. డిఫెండర్ చెయ్యి పడకముందు వచ్చిన యార్డులు ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ టేబుల్‌లో 2018 నుంచీ ఉన్నాయి. బార్క్‌లీ రెండు సీజన్లూ పక్కపక్కన పెడితే ఎక్కువ తేడా కనిపించేది ఆ కాలమ్‌లోనే.

నా అభిప్రాయం ఇక్కడే గట్టిపడింది. రన్నింగ్ బ్యాక్‌ని చివర్లో కొనాలి. లైన్ కట్టుకున్నాక, క్వార్టర్‌బ్యాక్ కుదిరాక కొంటే 5 శాతం చవక. అవేవీ లేకుండా ముందే కొంటే, గాయాలు కాకపోయినా, అతని మంచి ఏళ్లన్నీ లైన్ తయారయ్యేలోపే కరిగిపోతాయి. నోట్‌బుక్‌లో ఇప్పుడు నియమం అదే: లైన్‌లో కనీసం నలుగురు రెండేళ్లుగా కుదురుకున్న జట్టుకే 7 శాతం దాకా అనుమతి, మిగతావాళ్లకి 3 దగ్గరే గీత.

ఫిలడెల్ఫియా దగ్గర ఉండే మా బావమరిదికి ఈ నియమం చెబితే, "బావా, మీ లెక్క మీరు చేసుకోండి, 2025 ఫిబ్రవరి 9న కప్పు మాకొచ్చింది" అన్నాడు. ఆ రోజు బార్క్‌లీ 28వ పుట్టినరోజు కూడా. కాదనను. కానీ ప్లేఆఫ్స్‌తో కలిపి ఆ సీజన్‌లో అతను మోసింది 436 క్యారీలు. 2025లో లైన్ గాయాలతో చెదిరింది, అతని సగటు కూడా బాగా కిందికొచ్చింది. మా వాడు ఆ సంగతి మాత్రం ఎత్తడు.

డ్రాఫ్ట్ లెక్క

రూకీ జీతం ఆడే స్థానాన్ని బట్టి కాదు, పిక్ నంబర్‌ని బట్టి. 2025లో ఆరో పిక్‌గా రైడర్స్ ఆష్టన్ జెంటీని తీసుకున్నారు, నాలుగేళ్లకు సుమారు 36 మిలియన్లు, ఏడాదికి 9. అదే పిక్‌లో చేజ్ స్థాయి రిసీవర్ దొరికితే బజారు ధరకీ దీనికీ తేడా 31 మిలియన్లు. మైకా పార్సన్స్ స్థాయి పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకెళ్లేవాడు) దొరికితే 38 (2025 దాకా కౌబాయ్స్ వాడైన ఆయనకి 47 ఇస్తున్నది గ్రీన్ బే, అది తలుచుకుంటే ఇక్కడ ఎవరికీ అన్నం సహించదు). రన్నింగ్ బ్యాక్ అయితే, 2025లో ఆ స్థానంలో అత్యధికం తీసుకున్న బార్క్‌లీతో పోల్చినా మిగిలేది 12 లోపే. 2022లోనూ 2024లోనూ మొదటి రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా పోకపోవడానికి ఈ తీసివేత చాలు. పాపం జెంటీ, మొదటి సీజన్‌లో ఆ లైన్ వెనక క్యారీకి నాలుగు యార్డులు కూడా రాలేదు.

వయసు కాలమ్ మీద పెద్దగా చెప్పేది లేదు. 27 దాటితే కోత వేశాను. హెన్రీ 30 ఏళ్ల వయసులో 8 మిలియన్లకు 1,921 యార్డులు పరిగెత్తి ఆ గీతని వెక్కిరించాడు. అతన్ని మినహాయింపుగా ఉంచేశాను, గీత మార్చలేదు.

ఇంకా మిగిలినవి

2024 నవంబరులో జాక్సన్‌విల్ మీద బార్క్‌లీ డిఫెండర్‌కి వీపు తిప్పి, వెనక్కి ఎగిరి అతని మీదుగా దాటిన ప్లే అందరికీ గుర్తుండే ఉంటుంది. నా రష్ ఫైల్‌లో ఆ వరుసే లేదు, అది పాస్ అందుకున్నాక చేసింది కాబట్టి. రిసీవింగ్ ప్లేల ఈపీఏని విడిగా తెచ్చి కలపాలి. మెకాఫ్రీ లాంటివాళ్ల ధర సగం అక్కడే ఉంది.

పాస్ ప్రొటెక్షన్‌కి, అంటే పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్‌ని కాచడానికి, ఉచిత కాలమ్ లేదు. థర్డ్ డౌన్ పాస్ ప్లేల్లో మైదానంలో ఎవరున్నారో పార్టిసిపేషన్ టేబుల్ చెబుతుంది కాబట్టి, కోచ్ నమ్మకానికి దాన్నే కొలతగా వాడదామనుకుంటున్నాను. ఆ టేబుల్ సీజన్ ముగిశాకే వస్తుంది, వారం వారం చూసుకోవడం కుదరదు.

తర్వాతి ఫైల్ డిట్రాయిట్‌ది. 2023లో 12వ పిక్‌తో వచ్చిన జమీర్ గిబ్స్ 945 యార్డులు, 3 ఏళ్లకు 18 మిలియన్ల మీద వచ్చిన డేవిడ్ మాంట్‌గొమరీ 1,015 యార్డులు. ఇద్దరినీ కలిపి ఒకే స్థానం ఖర్చుగా చూపాలా, విడివిడిగా చూపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి రెండు రకాలుగానూ నడిపి చూస్తున్నాను.