అమ్మమ్మ పచ్చచీర

పదకొండు దాటింది. నిద్ర రావట్లేదు. ఆ పచ్చచీరే తిరుగుతోంది బుర్రలో.

మల్కాజిగిరిలో పిన్ని వాళ్లింట్లో వ్రతం. భోజనాల దగ్గర అమ్మమ్మ మాట వచ్చింది. అల్వాల్ ఇంటి పెరటి అరుగు మీద పచ్చచీరలో కూర్చుని కనకాంబరాలు కట్టేది కదా అన్నాను. "ఎక్కడి పచ్చచీరే? నువ్వు పుట్టేసరికే నాన్న పోయారు. తర్వాత అమ్మ తెల్లచీర తప్ప కట్టింది లేదు, పూలు ముట్టిందీ లేదు" అంది పిన్ని.

అక్కడితో ఊరుకోలేదు. "దీనికి ఫిట్స్ ముందు ఏవేవో కనిపిస్తాయిలెండి" అని పక్కింటావిడకి చెప్పింది. పైగా తాళంచెవులు చేతిలో పెడితే తగ్గిపోతుందని మా చిన్నదానికి పాఠం! ఎన్నిసార్లు చెప్పాను పిన్నికి. ఇనుముకి తగ్గదు, చాలావరకు దానంతటదే ఆగుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి. పదేళ్ల పిల్లకి వచ్చిన ముక్క పిన్నికి ఎక్కదు. పులిహోర విస్తట్లోనే వదిలేసి లేచాను. తార్నాక దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది, నా బాధ తాళంచెవులది కాదని. ఆ అరుగు నాకు ఫిట్స్ ముందు కనబడేదే. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తుంది, వెంటనే అరుగు, పచ్చచీర, పూలు కట్టే వేళ్లు. కొన్ని క్షణాలే. తల వెనకభాగంలో మొదలైతే రంగురంగుల చుక్కలు, గుండ్రాలు కనబడతాయట. నాది కణత వైపు, టెంపోరల్ లోబ్‌లో. అక్కడ మొదలైతే కొందరికి మనుషులు, ఇళ్లు కనబడతాయని డాక్టరుగారు చెప్పారు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, మెలకువగా ఉన్న మూర్ఛరోగుల మెదడుని సన్నటి కరెంటుతో తాకితే కొందరికి పాతరోజులు కళ్లకు కట్టాయని చదివినప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో! నాదీ జ్ఞాపకమే అనుకున్నాను. ఇవాళ మళ్లీ తీశాను. 1963లో ఆయన వేసిన లెక్క ప్రకారం, టెంపోరల్ లోబ్‌ని తాకిన 520 మందిలో అలా జరిగింది 40 మందికే. ఆ 40 మందీ చూసిందంతా జరిగిందేనా?

పిన్నే కరెక్టేమో. మాత్రలతో రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు, దేవుడి దయ. కానీ మామూలుగా అమ్మమ్మని తలుచుకున్నా ఆ పచ్చచీరే వస్తోంది, తెల్లచీర ఒక్కసారీ రాదు. నా దగ్గరున్నది అమ్మమ్మా, ఫిట్సా?

ఇది రాస్తుంటే బొంత గుర్తొచ్చింది. అమ్మమ్మ తన పాతచీరలతో నాకు కుట్టిచ్చింది. పైపొర పచ్చగా ఉండేదనిపిస్తోంది. అటక మీద ఉండాలి. పొద్దున్నే ఆయన్ని దింపమనాలి. రంగు చూశాకే పిన్నికి ఫోన్ చేస్తాను.