నేను పారేసిన బార్లీ కుండీలు

కెనడా వచ్చాక నన్ను నలుగురి ముందు తిట్టింది మా స్కౌట్ మేడమే, ఈ మార్చిలో. లీమింగ్టన్ కాప్సికం గ్రీన్‌హౌస్‌లో పురుగూ తెగులూ చూసుకునేది ఆవిడే. వారమైంది, ఇంకా మనసులోంచి పోవట్లేదు.

వరసల చివర అక్కడక్కడా బార్లీ మొలకల కుండీలు వేలాడదీసి ఉంటాయి, చూస్తే వాటినిండా పేనుబంక. మాది పల్నాడు, మిరపతోటలో పెరిగినోణ్ణి, పేను కనపడితే చెయ్యి ఆగదు. షిఫ్ట్ అయ్యాక నాలుగు కుండీలు కవర్లో మూటకట్టి చెత్తలో వేశా, మంచి పని చేశాననే అనుకున్నా. తెల్లారి ఆవిడ "అవి నా పనివాళ్ళుండే ఇళ్ళు, అడక్కుండా ఎందుకు ముట్టుకున్నావ్? మీ ఊళ్ళో పురుగు కనపడితే చంపడమేనా?" అంది. మొదటి మాటకి తప్పు నాదే. రెండో మాట మాత్రం గుచ్చుకుంది.

లంచ్‌లో మళ్ళీ తనే పిలిచి భూతద్దం చేతికిచ్చింది. బార్లీకి పట్టింది గడ్డిజాతి పేనంట, కాప్సికం జోలికి రాదు, దాన్ని మేతగా పెట్టి, కాప్సికానికి పట్టే పేనుని చంపే, దోమకన్నా చిన్న కందిరీగల్ని పెంచుతున్నారు. ఆ ఈగ పేను కడుపులో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది, పేను ఉబ్బి గోధుమరంగు బుడిపెలా ఎండిపోతుంది, రెండు వారాల్లో దానికి గుండ్రంగా చిల్లు పెట్టుకుని కొత్త ఈగ బయటికొస్తుంది.

కాప్సికం ఆకు వెనక ఒక పేను అప్పుడే కంటోంది, గుడ్డు కాదు, పిల్లనే. మగదేది అని అడిగా. లేదు, అక్కర్లేదు అంది. ఆ పుట్టే పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లలు తయారవుతుంటాయట, వారం పది రోజుల్లో అదీ కనడం మొదలుపెడుతుంది, అన్నీ ఆడవే, అన్నీ తల్లికి నకళ్ళే. బయట చలిదేశంలో అయితే శీతాకాలం ముందు పగలు తగ్గేసరికి మగవి కూడా పుట్టి, జతకట్టి, గుడ్లు పెడతాయి, ఆ గుడ్లే మంచులో బతికేది. గ్రీన్‌హౌస్ లోపల ఆ చలి లేదు. మా పల్నాడులో అసలే లేదు.

రాత్రి రూమ్‌కొచ్చి చదివా. 1740లో జెనీవాలో చార్లెస్ బోనే అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు అప్పుడే పుట్టిన పేనుని ఒక్కదాన్నే గాజుపాత్ర కింద పెట్టి రోజూ కాపలా కాస్తే, మగతోడు లేకుండానే అది 95 పిల్లల్ని కన్నదట. అంటే ఈ సంగతి తెలిసి 280 ఏళ్ళు దాటింది, మా నాన్నకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు నిద్ర పట్టనిది దీనికే. నాన్న ముప్పై ఏళ్ళు పంపు వీపునేసుకుని మందు కొట్టాడు. వందకి తొంభైతొమ్మిది చచ్చినా మిగిలిన ఒక్కటి జత వెతుక్కోవాల్సిన పని లేదు, ఆ ఒక్కటి మందుకి తట్టుకున్నదైతే దాని కూతుళ్ళూ మనవరాళ్ళూ అన్నీ తట్టుకునేవే. పైగా మందుకి ఈగలు ముందు పోతాయి. మందుల కొట్టాయన ప్రతిసారీ డబ్బా మార్చాడు, డోస్ పెంచమన్నాడు, ఈ లెక్క మాత్రం చెప్పలా.

మేడమ్‌కి చెప్పాలనుకుని ఇంగ్లీషులో మాటలు రాక ఊరుకున్నది ఇక్కడ చెప్తున్నా. మీది గాజు గది, ఈగలు కూడా ఆర్డరిస్తే డబ్బాల్లో వస్తాయి, తలుపేసి వదలొచ్చు. మూడెకరాల కౌలు రైతు వదిలితే పక్క చేలో కొట్టిన మందుకి తెల్లారేసరికి పోతాయి, వడ్డీ మాత్రం ఆగదు. మేం చంపడం ఇష్టమై చంపలేదు.

అయినా ఆ ఈగల మీద గౌరవం పెరిగింది. వాటిది తిరగేసిన లెక్క, జతకట్టని ఆడ ఈగ గుడ్లు పెడితే అన్నీ మగవే పుడతాయి, తేనెతుట్టెలో మగ ఈగల్లాగే.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పా. "ఆ గోధుమరంగు బుడిపెలు మన తోటలోనూ ఉంటయ్ గదరా, ఎండకి మాడిన పేననుకునేవాణ్ణి" అన్నాడు.

"అవే నాన్నా."

కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "కొన్నిటికి చిల్లులు కూడా ఉండేయిరా, నేను చూశా" అన్నాడు.