జీతం ఒక దేశంలో, నిద్ర ఒక దేశంలో

మర్రిపాలెంలో మా ఇంటికొచ్చినవాళ్ళకి అమ్మాయి లక్సెంబర్గ్‌లో ఉందని చెబితే "అది జర్మనీలోనా?" అంటారు. కాదమ్మా, వేరే దేశమే. మొత్తం 2,586 చదరపు కిలోమీటర్లు. మన పాత విశాఖ జిల్లాలో పావు వంతు కూడా రాదు.

కిందటి వేసవి అక్కడే గడిపాను. 2020 నుంచి దేశమంతా బస్సు, ట్రాము, రైలు ఉచితం. రైల్లో ఫస్ట్ క్లాసుకి మాత్రమే టికెట్టు. అయినా బస్సెక్కగానే నా కళ్ళు కండక్టరు కోసం వెతికేవి.

అక్కడ ఉద్యోగాలు చేసేవాళ్ళలో దగ్గర దగ్గర సగంమంది రోజూ పక్క దేశాల నుంచి వచ్చి పోయేవాళ్ళే. రెండు లక్షల పైమాట, అందులో సగం ఫ్రాన్స్ నుంచే. అమ్మాయి పక్క సీటాయన జర్మనీలోని ట్రియర్ నుంచి కార్లో వస్తాడు. మనవడికి టీకా వేసిన నర్సుది ఫ్రాన్స్‌లోని తియోన్‌విల్. వీళ్ళు ఒక్కరోజు మానేస్తే ఆస్పత్రులు నడవవు. మరి అక్కడే ఉండొచ్చుగా అంటే, జీతం బాగానే ఉంటుంది, ఇంటద్దెలు దాన్ని మింగేస్తాయి.

అనకాపల్లి బడికి ఏళ్ళ తరబడి పాసింజరు బండిలో తిరిగినదాన్ని, వాళ్ళ మొహాల్లో అలసట నాకు తెలుసు. కానీ నాకు పన్ను లెక్కల బాధ లేదు. వాళ్ళకి జీతంలో పన్ను లక్సెంబర్గే కోసుకుంటుంది. పిల్లల బడి, రోడ్లు, చెత్త ఎత్తడం మాత్రం సొంతూరి ఖర్చు. అందుకని బెల్జియానికి ఏటా కొంత సొమ్ము తిరిగిస్తారు. ఫ్రాన్స్‌కి అలా ఇవ్వరు, అక్కడి మెట్జ్ నగరం వాళ్ళకి ఆ కడుపుమంట ఉంది. నన్నడిగితే న్యాయమే. ఇంటి నుంచి పని చేసుకోవడానికీ లెక్కుంది: ఏడాదికి 34 రోజులు దాటితే ఆ పనికి పన్ను సొంత దేశంలో కట్టాలి. ట్రియర్ ఆయన క్యాలెండర్లో టిక్కులు పెట్టుకుంటాడట.

మా మనవడేమో బడిలో జర్మన్‌లో అక్షరాలు దిద్ది, లక్సెంబర్గిష్‌లో ఆడుకుని, బేకరీలో ఫ్రెంచిలో అడిగి, ఇంటికొచ్చి "అమ్మమ్మా, పప్పన్నం" అంటాడు.

అమ్మాయి వాళ్ళకి అక్కడి పౌరసత్వం వచ్చింది కాబట్టి పక్క దేశంలోనూ ఉండొచ్చు. అద్దె కట్టలేక ఆర్లోన్‌లో ఇల్లు చూద్దామంటున్నాడు అల్లుడు. అది బెల్జియం. ఇల్లు తరవాత, ముందు పొద్దున్న రైళ్ళ టైములు చూడండి బాబూ అన్నాను.