రేచల్ కార్సన్ కాగితాలు, వాటిలోని ఖాళీలు

డీడీటీ వంటి పురుగుమందులు పక్షులకూ చేపలకూ మనుషులకూ చేసే హానిని 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంతో లోకం ముందు పెట్టిన అమెరికన్ జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్, తన రాతప్రతులూ ఉత్తరాలూ యేల్ విశ్వవిద్యాలయానికి చెందాలని కోరుకున్నారు. 1964 ఏప్రిల్‌లో ఆమె మరణించాక వాటిని సర్దే బాధ్యత ఆమె సాహిత్య ప్రతినిధి మేరీ రోడెల్‌పై పడింది. రోడెల్ దాదాపు రెండేళ్లు శ్రమించి, కార్సన్‌కు వచ్చిన ఉత్తరాలను ఎవరివి వారికి తిప్పి పంపారు. రాసినవారు సమ్మతించినవే యేల్‌లోని బైనెకీ గ్రంథాలయానికి చేరాయి. చరిత్రకారులకు ఇది నష్టమే. అయినా నేను రోడెల్ పక్షమే వహిస్తాను, ఎందుకంటే కార్సన్ 1936 నుంచి 1952 వరకు ప్రభుత్వోద్యోగంలో ఉన్నారు, ఆ పరిచయాల వల్లే కొందరు ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆమెకు గుట్టుగా సమాచారం అందించారు. అలాంటివారిని అడగకుండా వారి మాటలను బయటపెట్టడం న్యాయం కాదు.

రెండో ఖాళీ కార్సన్ స్వయంగా చేసినది. మెయిన్ రాష్ట్రంలోని సౌత్‌పోర్ట్ దీవిలో 1953లో స్నేహితురాలైన డొరొతీ ఫ్రీమన్‌కు ఆమె ఒకే కవరులో రెండు ఉత్తరాలు పెట్టేవారు: ఒకటి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించడానికి, మరొకటి డొరొతీకి మాత్రమే. వాటిలో కొన్నింటిని ఇద్దరూ నాశనం చేశారు. మిగిలిన వందలాది ఉత్తరాలను డొరొతీ మనవరాలు 1995లో ప్రచురించారు. 1960లో రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తరువాత, రసాయనాలకూ క్యాన్సర్‌కూ గల సంబంధంపై రాస్తూనే కార్సన్ ఎంత నలిగిపోయారో వీటిలో కనబడుతుంది. తన జబ్బు సంగతి పొక్కితే రసాయన పరిశ్రమ తన నిష్పాక్షికతను శంకిస్తుందని ఆమె దాన్ని బయటివారికి తెలియనివ్వలేదు.

ఆమె జీవితచరిత్రను 1997లో వెలువరించిన లిండా లియర్, కార్సన్‌ను ఎరిగినవారిని కలిసి మాట్లాడి, ఆ ఇంటర్వ్యూలనూ తన పరిశోధన కాగితాలనూ కనెక్టికట్ కాలేజీకి ఇచ్చారు. సొంత కాగితాలు జల్లెడ పట్టిన తరువాతే భాండాగారానికి చేరిన రచయిత్రి విషయంలో, ఇతరులు ఆమె గురించి చెప్పిన మాటలకూ అంతే విలువ ఉంటుంది. కాకపోతే అవి ముప్పై ఏళ్ల నాటి జ్ఞాపకాలు కనుక, యేల్‌లోని ఉత్తరాల తేదీలను పక్కన పెట్టుకునే వాటిని చదవాలి.